ఖాళీ విస్తరి ముందు ఎంతసేపు?

సంపాదకులకు నమస్కారం.

మా కాలనీ సంఘం పనిమీద ఇంటిపన్ను బకాయిల జాబితా కోసం గత వారం ఒక ప్రభుత్వ వెబ్‌సైటు తెరిచాను. బటన్ నొక్కగానే చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. కాఫీ కలుపుకొని వచ్చేసరికీ తిరుగుతూనే ఉంది. చివరికి తెర తెల్లబోయింది, దాని వెనకే నేనూ. మళ్లీ నొక్కాను. అలా నొక్కకూడదని నాకు తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను రాసినవి ఇలాంటి రిపోర్టులే.

మన తెర ఆగిపోయినా చాలాచోట్ల, లెక్కలన్నీ నిల్వ ఉండే డేటాబేస్‌లో మొదటి పని నడుస్తూనే ఉంటుంది. మళ్లీ నొక్కితే అదే పని ఇంకొకటి దాని పక్కన మొదలవుతుంది. విసిగినవాళ్లంతా తలా నాలుగుసార్లు నొక్కాక ‘రద్దీ ఎక్కువ, సర్వర్లు పెంచాలి’ అంటారు. ఆ రద్దీలో కొంత, పని ఎంతవరకు వచ్చిందో చెప్పకపోవడం వల్ల పుట్టిందే. 10 సెకన్లు దాటితే మనిషి దృష్టి వేరే పనిమీదికి పోతుందని, కనుక పని సాగుతున్న తీరు చూపాలని కంప్యూటర్ల వాడుక సౌలభ్యంపై నిపుణుడైన జాకబ్ నీల్సన్ 1993లోనే రాశారు.

పెళ్లి పంక్తిలో వంటలన్నీ దిగేదాకా ఎవరినీ ఖాళీ విస్తరి ముందు కూర్చోబెట్టరు. ముందు పచ్చడి, పప్పు పడితే పులుసు ఆలస్యమైనా ఎవరూ లేచిపోరు. జాబితాలో 20,000 వరుసలుంటే ముందు 50 చూపవచ్చు. అయితే జాబితా ఏ క్రమంలో కావాలో ఆ క్రమానికి ఇండెక్సు, అంటే ఏ వరుస ఎక్కడుందో చెప్పే సూచిక, ముందే ఉండాలి. లేకపోతే ఆ 50 ఇవ్వడానికీ అన్నిటినీ పేర్చి చూడవలసిందే. మొత్తం బకాయి అంకెకు వరుసలన్నీ కూడాలి కాబట్టి దాన్ని విడిగా తెప్పించి తర్వాత నింపాలి. లేదా రాత్రే కూడి ఉంచుకోవాలి. అప్పుడు ‘నిన్న రాత్రి వరకు’ అని పక్కనే రాయడం తప్పనిసరి. పొద్దున్నే పన్ను కట్టి వచ్చినవారి పేరు ఇంకా బకాయిదారుల్లో కనిపిస్తే గొడవ కాక ఏమవుతుంది? పూర్తి పీడీఎఫ్ అడిగినవారికి, సిద్ధమయ్యాక ఫోనుకు సందేశం పంపితే చాలు.

ఇది కంటితుడుపు, అసలు వేగం పెరగలేదు కదా అని నా పాత సహోద్యోగులు అంటారు. నిజమే. కానీ నాకు కావలసింది మా వీధిలోని 40 ఇళ్లు. ఆ పేజీ వార్డు తప్ప వీధి పేరు అడగదు. అడిగితే సర్వరుకూ శ్రమ తగ్గేది.

వెబ్‌సైటు తయారీ ఒప్పందాల్లో మొదటి వరుస ఎన్ని సెకన్లలో కనిపించాలో షరతు పెట్టాలి. పరీక్షించేటప్పుడు పది ఇళ్ల నమూనాతో కాకుండా ఊరంతటి లెక్కలతో పరీక్షించాలి.

– ఒక విశ్రాంత కంప్యూటర్ ఉద్యోగి, రాజమహేంద్రవరం