మన వాయిద్యకారుల సహవాసం వార్షిక నివేదిక

సభ్యులందరికీ వందనాలు.

చర్చిల్లో కీబోర్డు వాయించే మనం ఈ ఏడు కూడా నెలనెలా రెండో శనివారం చిత్తూరులో కలుసుకున్నాం. మామిడి కోతల రోజుల్లో మాత్రం ఆపేశాం. తోటల్లో పని ఉన్నవాళ్లను రమ్మనడం న్యాయం కాదు. బంగారుపాళ్యం, గుడిపాల నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లలకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

ఒక ఆదివారం జరిగిన పొరపాటు చెప్పాలి. ముందు రోజు పెళ్లికి మార్చిన ట్రాన్స్‌పోజ్ బటన్ (కీబోర్డు శ్రుతిని పైకి, కిందికి జరిపేది) అలాగే ఉండిపోయింది. వాయించింది నేనే. చరణం పైస్థాయికి వెళ్లేసరికి వెనక వరుసలోని పెద్దమ్మలు పాడలేక పుస్తకం మూసేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఏడు ఆ బటన్ ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాం. పాడేవాళ్లు ఎత్తుకున్న శ్రుతిని చెవితో పట్టుకోవాలి, అక్కడే వాయించాలి. ఒకే పల్లవిని ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో (సి, సి షార్ప్, డి) వాయించి వాయించి నల్ల మెట్లంటే ఉన్న టెన్షన్ పోగొట్టుకున్నాం. 1864లో ఇంగ్లాండులో మొదలైన రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ అనే ఆర్గన్ వాయిద్యకారుల సంస్థ పెట్టే పరీక్షల్లోనూ ఇలా స్కేలు మార్చి వాయించడం, అప్పటికప్పుడు కార్డులు (కలిపి నొక్కే స్వరాల గుంపులు) కట్టడం ఉంటాయి. గొట్టాలతో మోగే పైప్ ఆర్గన్ వాయించేవాళ్లకూ పునాది ఇదే.

ఎక్కువ శనివారాలు కార్డులకే పోయాయి. మన పాత కీర్తనల పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. వాటిని చూడకుండా అన్నిటికీ సి, ఎఫ్, జి కార్డులే కొట్టడం మనకు అలవాటు. మోహన రాగంలో మధ్యమం (మ), నిషాదం (ని) లేవు. షడ్జమం (స) సి అనుకుంటే, రాగంలో పూర్తిగా ఇమిడేవి సి మేజర్, ఎ మైనర్ రెండే. జి కావాలంటే అందులోని నిషాదం వదిలేసి పంచమం (ప), రిషభం (రి) మాత్రం పట్టుకుంటే సరిపోతుంది. మాయామాళవగౌళ రాగంలో మరీ జాగ్రత్త. అక్కడ జి మేజర్ నొక్కితే శుద్ధ రిషభం (కింది రి) ఉండాల్సిన చోట చతుశ్రుతి రిషభం (పై రి) వినిపించి రాగం చెడుతుంది. సి మేజర్, ఎఫ్ మైనర్ బాగా కుదిరాయి. ఏదీ తోచనప్పుడు ఎడమ చేత్తో స, ప పట్టుకుని ఊరుకోవడమే మేలని నా అభిప్రాయం. పాడేవాళ్ల గొంతు అప్పుడే బాగా వినపడుతుంది.

కానుకలు పట్టే సమయంలో సొంతంగా వాయించడం చివరి మూడు శనివారాలు నేర్చుకున్నాం. పల్లవి చివరి మాటకు ఉన్న నాలుగైదు స్వరాలు తీసుకుని, వాటినే ఒక మెట్టు కిందికి, పైకి జరిపి, మళ్లీ షడ్జమానికి రావాలి. పాస్టరు గారు లేచి నిలబడగానే ముగించగలగాలి. ఇది ఇంకా చాలామందికి కుదరలేదు, సాధన కావాలి.

జమాఖర్చుల కాగితం విడిగా పంచుతున్నాం. కాలితో తొక్కే పాత హార్మోనియానికి తిత్తులు చిరిగాయి, మరమ్మతుకు సభ అనుమతి కోరుతున్నాం. కరెంటు పోయినప్పుడు మనకున్నది అదొక్కటే.