లెంకల రాళ్లకు రంగు వేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

రాజుగారి అంగరక్షక దళం అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది జానపద సినిమా. ఒకే రకం తలపాగాలు, ఒకే రకం బల్లేలు, హీరో ఒక్క గుద్దు గుద్దితే వరసగా పడిపోయే భటులు. ఇప్పటి గ్రాఫిక్స్ సినిమాల్లో ఆ భటులకే తల నుంచి కాలి దాకా ఇనుప కవచం తొడుగుతున్నారు. కల్పించుకున్న రాజ్యానికి ఏ వేషమైనా వేసుకోవచ్చు, దాంతో మాకు పేచీ లేదు. మా బాధంతా మన నేల మీద నిజంగా బతికిన అలాంటి బంట్ల గుర్తుల గురించి. చెరువు కట్టల మీద, గుళ్ల వెనక, పొలం గట్ల మీద ఉన్న ఆ రాళ్లను మనమే, అదీ చాలాసార్లు భక్తితోనే, పాడుచేసుకుంటున్నాం.

వాళ్లను లెంకలు అనేవారు. నిఘంటువు తీస్తే లెంక అంటే సేవకుడు, బంటు అని ఉంటుంది. కాకతీయుల కాలంలో ఆ మాటకు బరువెక్కువ. ఏలినవాడితోనే బతుకు, ఏలినవాడితోనే చావు అని ప్రతిన పట్టినవాడు లెంక. జీతానికి కత్తి పట్టినవాడికీ ఇతనికీ తేడా ఆ ప్రతినే. శాసనాల్లో లెంక, అంగరక్ష అన్న మాటలు మనిషి పేరు పక్కన హోదాలా కనిపిస్తాయి. ఉత్తరాంధ్రలో లెంక ఇవాళ్టికీ ఇంటిపేరు.

పొరుగున కర్ణాటకలో హోయసల రాజుల దగ్గర ఇలాంటివారిని గరుడులు అనేవారు. హళేబీడు హోయసలేశ్వరాలయం దగ్గర ఒక స్తంభం ఉంది. రెండో వీరబల్లాళుడి దండనాయకుడు కువర లక్ష్మ, అతని భార్య సుగ్గలదేవి, వారి వెంట వెయ్యిమంది బంట్లు రాజుకిచ్చిన మాట ప్రకారం ప్రాణాలు వదిలారని చెప్పే స్తంభం అది. బల్లాళుడు పోయింది 1220లో. స్తంభం చుట్టూ చిన్న చిన్న బొమ్మలు. ఒకడు కాలు నరుక్కుంటుంటాడు, ఇంకొకడు మెడ మీద కత్తి పెట్టుకుంటాడు. శాసనం మాత్రం మధ్యలోనే ఆగిపోతుంది. అది కాపలా ఉన్న చోట ఉంది, 2023లో ఆ ఆలయం యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. మన లెంకల రాళ్లకు ఆ అదృష్టం లేదు.

బంటు వేయించిన రాయి ఎంత పనికొస్తుందో చెప్పడానికి నల్లగొండ జిల్లా చందుపట్ల ఒక్కటి చాలు. రుద్రమదేవి ఎప్పుడు పోయిందో చెప్పింది ఆమె ఆస్థానకవి కాదు, ఆ ఊరి శాసనం. రుద్రమ సేనాని మల్లికార్జున నాయకుడి బంటు పువ్వుల ముమ్మడి, రాణికీ తన నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని సోమనాథ దేవుడికి భూమి ఇస్తూ 1289 నవంబరు 27న వేయించాడు. ఆ రాయిని ఏ ఇంటి గడపకో వాడేసి ఉంటే రుద్రమ చివరి రోజుల మీద ఇప్పటికీ ఊహలే మిగిలేవి.

అలాగని కత్తి పట్టిన ప్రతి బొమ్మా లెంకది కాదు. రాయి అడుగున ఆవులు చెక్కి ఉంటే పశువుల మంద కోసం జరిగిన పోరులో పోయినవాడు. మోచేతి దగ్గర వంగిన చెయ్యి, దానికి గాజులు ఉంటే అది సతిరాయి, అంటే సహగమనం చేసిన భార్య గుర్తు. ఒక చేత్తో జుట్టు పట్టుకుని, మరో చేత్తో మెడకు కత్తి ఆనించుకున్న బొమ్మ ఆత్మాహుతి శిల్పం. కానీ ఆ తల రాజు కోసం ఇచ్చిందా, శ్రీశైలం వీరశైవుల్లాగా మల్లన్నకు ఇచ్చిందా అన్నది బొమ్మను చూసి తేల్చలేం. కింద లెంక, బంటు, అంగరక్ష అన్న మాట ఉందా లేదా అన్నదే సాక్ష్యం. పోరులో పోయినవాడి గుర్తుగా నిలిపే రాయిని వీరగల్లు అంటారు. మూడు అంతస్తుల వీరగల్లులో కింద యుద్ధం, నడుమ వీరుణ్ణి తీసుకుపోయే అప్సరసలు, పైన కైలాసం చెక్కుతారు. అక్షరాలు ఆ అంతస్తుల మధ్య పట్టీల మీదో, మట్టిలో కూరుకుపోయిన అడుగు భాగంలోనో ఉంటాయి.

చిక్కంతా అక్కడే వస్తోంది. గుడి బాగుచేయించేటప్పుడు రాయి చుట్టూ సిమెంటు గద్దె కడతారు. కింది రెండు మూడు వరుసలు గద్దెలో కలిసిపోతాయి. దాత పేరో, తేదీయో సాధారణంగా ఆ వరుసల్లోనే ఉంటుంది. తర్వాత ఎనామెల్ పెయింటు. అరిగిన అక్షరం లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు, రెండు పూతలతో పూడిపోతుంది. ఏటా జాతరకు మరో పూత. నూనె, పసుపు కూడా పేరుకుని దుమ్ముతో కలిసి నల్లటి పెచ్చులా గట్టిపడతాయి. దాన్ని వదిలించాలని ఇనుప బ్రష్షుతో గీకినా, యాసిడ్ పోసినా, యంత్రంతో ఇసుక కొట్టించినా రాతి పైపొరే లేచిపోతుంది. అక్షరం ఉన్నది ఆ పైపొరలోనే.

సుద్దముక్కతో అక్షరాలు దిద్ది ఫోటో తీయడం మరో చెడ్డ అలవాటు. దిద్దేవాడు తను చదివిందే గీస్తాడు. ‘లెంక’లో ఎత్వం ల నెత్తిన చిన్న గీత. రాతి మీద అది వెంట్రుకంత మిగులుతుంది. సుద్ద పట్టినవాడి కంటికి అది ఆనకపోతే ‘లెంక’ కాస్తా ‘లంక’ అవుతుంది, అంగరక్షకుడు ఊరి పేరైపోతాడు! ఆ ఫోటో ఫోన్లలో తిరిగితే ఇక ఆ తప్పును పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. అక్షరం కనబడాలంటే వెలుతురు పక్క నుంచి పడాలి. ఉదయం ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు తీయండి, లేదా రాత్రి టార్చిని రాతికి దాదాపు ఆనించి ఒక అంచు నుంచి వేయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. నాలుగు వైపులా తీయండి. వెనక వైపు ఏమీ లేదని వదిలేసిన రాళ్ల మీదే శాసనం మిగతా సగం బయటపడుతుంటుంది.

కాగితం నకలు ఫోటో కంటే నమ్మకమైనది. మంచినీళ్లు, కొబ్బరి పీచుతో రాయి కడగాలి. తడిపిన కాగితాన్ని పరిచి, నడిమి నుంచి అంచులకు గాలి బుడగలు పోయేలా బ్రష్షుతో అదమాలి. తర్వాత కాగితం అక్షరాల గుంటల్లోకి దిగేదాకా కొట్టాలి. సగం ఆరాక గుడ్డ ఉండకు సిరా పట్టించి పల్చగా అద్దితే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. తడి ఎక్కువుంటే సిరా గుంటల్లోకి పాకి అక్షరం చెడుతుంది, మరీ ఆరితే కాగితం తనంతట తానే లేచిపోతుంది. గాలి లేని పొద్దున్నే మొదలుపెట్టడం అందుకే. తెలిసినవారి దగ్గర నేర్చుకుని చేయాల్సిన పని ఇది. ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడాల దగ్గరైతే శాఖ అనుమతి కూడా కావాలి.

ఇక రోడ్డు వెడల్పు, చెరువు పూడికతీత. జేసీబీ తొట్టి పళ్లు ఒక్కసారి గీరితే ఏడు వందల ఏళ్ల వరుస పోతుంది. రాయిని తప్పనిసరిగా జరపాల్సి వస్తే ముందు ఉన్నచోటనే ఫోటోలు, సర్వే నంబరు, ముఖం ఏ దిక్కుకు ఉంది, నేలలో ఎంత లోతుంది అన్నవి రాసుకోవాలి. గొలుసు కట్టకుండా నైలాన్ బెల్టు వాడాలి, కింద గోనెసంచులు పరవాలి. నిలబెట్టే గుంటలో సిమెంటు పోయకుండా ఇసుక, కంకర దట్టిస్తే చాలు. అదే ఊళ్లో, అదే దిక్కుకు నిలపాలి. శాసనంలో చెప్పిన చెరువు, తూము, పొలం హద్దు ఆ ఊరివే కాబట్టి రాయి ఊరు దాటితే సగం అర్థం పోతుంది.

చట్టాలకు కొదవ లేదు. భూమిలో దొరికినదాన్ని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. 1972 పురావస్తువుల చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు 1960 చట్టం, తెలంగాణకు 2017 వారసత్వ చట్టం ఉన్నాయి. లేనిది పంచాయతీ దగ్గర ఒక పేజీ. వీధి దీపాలకు, బోర్లకు లెక్క రాసినట్టే ఊరి పాత రాళ్లకూ ఒక లెక్క, ఒక్కో రాయికి ఒక ఫోటో, సర్వే నంబరు ఉండాలి. రోడ్డు పనికో, పూడికతీతకో అంచనా వేసే ఇంజినీరు ముందు ఆ పేజీ చూసి సంతకం పెట్టాలి. రెండు రాష్ట్రాల పంచాయతీరాజ్ శాఖలు ఒక సర్క్యులర్ ఇస్తే దీనికి వేరే నిధులు కూడా అక్కర్లేదు.

ఇప్పటికే రంగు వేసేసిన ఊళ్లకు ఒక మాట. కంగారుపడి గీకకండి, సున్నం పూయకండి. పూజ మానాల్సిన పనీ లేదు. దీపం, పసుపు, కుంకుమ రాయి ముందు పలక మీద పెట్టుకోవచ్చు. కొత్త పూత మాత్రం ఆపండి. పాత పూత తీయడం పురావస్తు శాఖ రసాయన విభాగం వాళ్ల పని. వాళ్లు వచ్చేదాకా రంగు కింద అక్షరం అలాగే ఉంటుంది.

ఇట్లు,
శాసనాల నకళ్లు తీసే కొందరు పాఠకులు,
నల్లగొండ జిల్లా