నేను అసిటోన్‌తో కడిగి ఇచ్చిన జూనో కీబోర్డుల గురించి

నమస్కారం అండి.

గత రెండేళ్లలో నా దగ్గర రోలాండ్ జూనో-106 బాగు చేయించుకున్న 11 మందికి ముఖ్యంగా ఇది రాస్తున్నాను. వేరే కీబోర్డులు ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లు కూడా దయచేసి చదవండి. మీ పని ఎందుకు ఆలస్యమవుతోందో ఇందులోనే ఉంది.

ఆ 11 జూనోల్లో 4 తిరిగి నా బల్ల మీదికి వచ్చాయి. నాలుగింటికీ ఒకటే జబ్బు. నేను నయం చేశానని చెప్పి, డబ్బు తీసుకుని, ప్యాక్ చేసి పంపిన జబ్బే.

మొదటి ఫోన్ మే నెలలో విజయవాడ నుంచి వచ్చింది. రాత్రి పదకొండు దాటింది. వెనక పెళ్లి రిసెప్షన్ స్టేజీ మీద పాట వినిపిస్తోంది. "అన్నా, మళ్లీ గరగరమంటోంది. ఒక నోటు వచ్చినప్పుడల్లా పేలుతోంది" అన్నాడు. ఆ తమ్ముడు జూనోని పక్కన పెట్టేసి, ఉన్న ఇంకో కీబోర్డు మీదే ఆ రాత్రంతా నెట్టుకొచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జూన్ దాటేలోపు ఇంకో మూడు ఫోన్లు వచ్చాయి.

అసలు జబ్బేమిటో తెలియనివాళ్ల కోసం చెప్తాను. జూనో-106 1984లో వచ్చిన కీబోర్డు. ఒకేసారి 6 నోట్లు పలుకుతుంది. ఒక్కో నోటుకి ఒక్కో వాయిస్ చిప్, దాని పేరు 80017ఏ. ధ్వనిని మెత్తగానో పదునుగానో మలిచే ఫిల్టరు, ఎంత గట్టిగా వినపడాలో చూసే ఆంప్లిఫయరు రెండూ అందులోనే ఉంటాయి. చిప్ అని అంటున్నాం గానీ నిజానికి అదొక చిన్న బోర్డు. దాని మీద సన్నసన్న పార్టులు అతికించి, మొత్తాన్ని నల్లటి రెసిన్ పూతలో ముంచి తీశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత గుండా కరెంటు లీకవడం మొదలవుతుంది. పోకూడని చోటికి పోయే ఆ కొద్దిపాటి కరెంటు వల్లే గరగర వస్తుంది, మెట్టు వదిలినా నోటు ఆగకుండా సాగుతుంది, లేదా ఆ వాయిస్ మొత్తంగా మూగబోతుంది. 40 ఏళ్ల కిందటి వస్తువు ఇన్నాళ్లు పలకడమే గొప్ప, కాబట్టి చేసినవాళ్లను నేను తప్పుపట్టను.

మీ ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేయండి. టెస్ట్ మోడ్‌లోకి వెళ్తుంది. ఇక మెట్టు నొక్కిన ప్రతిసారీ ఏ వాయిస్ పలుకుతోందో దాని అంకె డిస్‌ప్లేలో కనిపిస్తుంది. తొందరపడకుండా ఆరింటినీ ఒక్కొక్కటిగా వినండి. నాలుగో అంకె దగ్గర గరగర వస్తే నాలుగో చిప్ పోతోందన్నమాట. నాకు ఫోన్ చేసేటప్పుడు "సౌండ్ బాగోలేదు" అనే బదులు ఆ అంకె చెప్తే నాకు సగం పని తగ్గుతుంది.

ఈ జబ్బుకి అందరికీ తెలిసిన మందు అసిటోన్. నెయిల్ పాలిష్ తుడవడానికి వాడేదే. చిప్పుని బోర్డు నుంచి ఊడదీసి, మూత ఉన్న గాజు సీసాలో అసిటోన్ పోసి అందులో రెండు మూడు రోజులు నాననిస్తే నల్ల పూత తడిసిన తోలులా మెత్తబడుతుంది. అప్పుడు పళ్లు కుట్టుకునే పుల్లతో మెల్లగా ఒలవాలి. ఇనుప పనిముట్టు తగిలిందా, పూతతో పాటు పార్టులు కూడా ఊడి వస్తాయి. పూత పోయాక, ఆరబెట్టి తిరిగి అతికిస్తే చిప్పు చాలాసార్లు లేచి కూర్చుంటుంది. మొదటిసారి ఆ మూగబోయిన వాయిస్ పలికినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. కొత్త చిప్పుల ఖర్చు లేకుండా కస్టమర్ కీబోర్డు బాగైందని గర్వంగా అనిపించింది. అందుకే వచ్చిన ప్రతి జూనోకీ అదే చేశాను. ఒక్కోదానికి ఆరు చొప్పున 66 చిప్పులు కడిగాను.

నా పొరపాటు ఎక్కడ జరిగిందో ఈ నాలుగూ విప్పి చూశాకే అర్థమైంది. నా షాపు హైదరాబాద్‌లో, ఏసీ గదిలో ఉంది. రిపేరు అయ్యాక మూత తెరిచి పెట్టి, రెండు గంటలు వాయించి చూసి, బాగుందని పంపించేవాణ్ని. మీ కీబోర్డు వెళ్లింది మాత్రం విజయవాడ మే నెల ఎండకి, కాకినాడ ఉప్పుగాలికి, స్టేజీ లైట్ల వేడికి. పైపూత తీసేసిన చిప్పుకి మళ్లీ ఏ రక్షణా ఇవ్వకుండా ఒట్టిగా వదిలేశాను. కాకినాడ నుంచి తిరిగొచ్చిన దాంట్లో రెండు చిప్పుల మీద, పార్టుల కాళ్ల దగ్గర, భూతద్దంలో చూస్తే ఆకుపచ్చ తుప్పు కనిపించింది. విజయవాడ దాంట్లో తుప్పేమీ లేదు. అది చల్లగా ఉన్నప్పుడు చక్కగా పలుకుతోంది. మూత వేసి 40 నిమిషాలు ఆన్‌లో ఉంచాక మూడో వాయిస్ గరగర మొదలుపెట్టింది. నేను మూత వేసి పరీక్షించి ఉంటే అప్పుడే దొరికేది.

ఇంకో విషయం కూడా దాచకుండా చెప్పాలి. గుంటూరులో ఒక చర్చివాళ్లు పంపిన జూనోలో ఒక చిప్పు కాలు ఒలిచేటప్పుడు విరిగింది. వైరు ముక్కతో అతికించి పని నడిపించాను. అది పలికింది, ఇప్పటికీ పలుకుతోంది. కానీ వాళ్లకి అప్పుడు చెప్పలేదు. పోయిన వారం ఫోన్ చేసి చెప్పాను. తిరిగి రాకపోయినా వాళ్ల కీబోర్డు కూడా ఈ లిస్టులో ఉంది.

ఇప్పుడు చేస్తున్నది ఏమిటంటే, 11 జూనోలకీ ఆరేసి వాయిస్ చిప్పులూ మార్చేస్తున్నాను. 80017ఏ బదులు పెట్టుకునేలా ఈ కాలపు పార్టులతో కొత్తగా తయారుచేస్తున్న చిప్పులు విదేశాల్లో దొరుకుతున్నాయి. తెప్పించి రెండు కీబోర్డుల్లో పెట్టి చూశాను, నచ్చాయి. ఈసారి నేరుగా బోర్డుకి సోల్డర్ చేయడం లేదు, సాకెట్లు పెడుతున్నాను. పాత చిప్పు ఊడదీయడమే ఈ పనిలో ప్రమాదమైన ఘట్టం. ఐరన్ వేడి కాస్త ఎక్కువైనా బోర్డు మీది రాగి ట్రాక్ లేచిపోతుంది. ఇప్పటికే ఒకసారి ఊడదీసి పెట్టిన బోర్డులు కదా, ఇంకోసారి ఆ హింస పెట్టకూడదు. సాకెట్ ఉంటే రేపు ఏ చిప్పు పోయినా వేళ్లతో తీసి ఇంకోటి గుచ్చవచ్చు. సాకెట్ల కోసం కోఠి గుజరాతీ గల్లీలో రెండు పూటలు తిరిగాను. మామూలు రేకు సాకెట్లు వద్దనుకుని, గుండ్రటి గుంతలున్న గట్టి రకం స్ట్రిప్పులు కొని కావలసిన పొడవుకి కోసుకుంటున్నాను.

చిప్పులు మార్చాక ప్రతి వాయిస్‌కీ విడివిడిగా ట్రిమ్మర్లు, అంటే బోర్డు మీద స్క్రూలా తిప్పి సరిచేసే చిన్న పార్టులు, తిప్పి ఫిల్టరునీ, వాల్యూమునీ మిగతా వాయిస్‌లతో కలపాలి. పనిలో ఎక్కువ సమయం దీనికే పోతుంది, నాకు ఇష్టమైన పనీ ఇదే. ఫిల్టరుని అది తనంతట తాను ఈల వేసేదాకా తెచ్చి, ఆ ఈలని ఆరు వాయిస్‌లకీ ఒకే శ్రుతికి కలుపుతాను. ముందు స్కోపులో (సిగ్నల్ అలని తెర మీద చూపించే పరికరం) చూస్తాను, తర్వాత చెవితో. కోడంబాక్కంలో నాకు పని నేర్పిన గురువుగారు స్కోపు ఉన్నా సరే, చివర్లో కళ్లు మూసుకుని ఒకే మెట్టుని పదే పదే వాయించి వినేవారు. ఆరు వాయిస్‌లూ ఒకరే పాడుతున్నట్టు ఉంటేనే మూత బిగించమనేవారు. ఆ తర్వాత, మూత వేసే 48 గంటలు ఏసీ లేని వెనక గదిలో ఆన్‌లో ఉంచుతున్నాను. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి టెస్ట్ మోడ్‌లో ఆరింటినీ వింటున్నాను. అది దాటితేనే ప్యాకింగ్.

సౌండ్ మారుతుందా అని ఇద్దరు అడిగారు, న్యాయమైన ప్రశ్న. మార్చకముందు బాగా పలుకుతున్న వాయిస్‌తో ఒక స్ట్రింగ్స్ టోన్, ఒక బేస్ టోన్ రికార్డు చేసి పెట్టుకున్నాను. మార్చాక అవే మళ్లీ రికార్డు చేసి, ఏది ఏదో తెలియకుండా మా అబ్బాయితో ప్లే చేయించి విన్నాను. ట్రిమ్మర్లు సరిగ్గా కలిపాక నా చెవికి తేడా పట్టుబడలేదు. పాత చిప్పులే కావాలనుకునేవాళ్లు ఉంటారు, వాళ్ల మనసు నాకు అర్థమవుతుంది. ఊడదీసిన ఆరూ కవర్లో పెట్టి, ఏది ఏ వాయిస్‌దో రాసి, కీబోర్డుతో పాటే ఇచ్చేస్తాను. అవి మీ సొత్తు. ధ్వనిని చిక్కగా వినిపించే కోరస్ బటన్ నొక్కినప్పుడు వచ్చే సన్నటి హిస్స్ మాత్రం జబ్బు కాదు, అది ఆ కోరస్ సర్క్యూట్ స్వభావం. దాన్ని బాగు చేస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

టోన్ల గురించి టెన్షన్ వద్దు. జూనోలో మీరు సేవ్ చేసుకున్న 128 టోన్లూ లోపలి బ్యాటరీ మీదే బతుకుతాయి. ఆ బ్యాటరీ బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది. దాన్ని ముట్టుకునే ముందు వెనక టేప్ సాకెట్ నుంచి మొత్తం డేటాని లాప్‌టాప్‌లోకి రికార్డు చేస్తాను. కీచుమని ఫ్యాక్స్ మిషన్ లాంటి శబ్దం వస్తుంది, మీ టోన్లన్నీ ఆ శబ్దంలోనే ఉంటాయి. అది తిరిగి లోడ్ అవుతుందని తేలాకే పాత బ్యాటరీ తీసి, హోల్డరు పెట్టి కొత్తది వేస్తాను. ఆ ఫైలు మీకూ పంపుతాను.

డబ్బు సంగతి. తిరిగొచ్చిన నాలుగింటికీ చిప్పులు, పని, రానుపోను ట్రాన్స్‌పోర్టు అన్నీ నావే. మిగతా ఏడింటికి పని ఉచితం. చిప్పులకి, కస్టమ్స్‌తో కలిపి నాకు పడిన ధర బిల్లు చూపించి, అందులో సగం తీసుకుంటాను. అదీ ఇప్పుడు వద్దు, బాగానే నడుస్తోంది అనుకుంటే ఉంచుకోండి, తర్వాత ఎప్పుడొచ్చినా ఇదే మాట. మొత్తం నేనే భరించాలని ఉంది. కానీ చిప్పులు ఒకేసారి కొనేంత డబ్బు నా దగ్గర లేదు, అందుకే మూడేసి సెట్ల చొప్పున తెప్పిస్తున్నాను. మొదటి మూడు సెట్లు వచ్చాయి. రెండు అయిపోయాయి, మూడోది ఇప్పుడు బల్ల మీద ఉంది.

ఎవరిది ముందు అన్న విషయంలో ఇచ్చిన తారీఖు వరుస పాటించడం లేదు. వినాయక చవితి నుంచి దసరా దాకా స్టేజీ మీద వాయించి బతికేవాళ్లవి ముందు చేస్తున్నాను. స్టూడియోల్లో, ఇళ్లలో ఉన్నవి తర్వాత. ఇది కొందరికి నచ్చకపోవచ్చు. ఆర్కెస్ట్రాలో సీజన్ పోతే ఆ కుటుంబానికి ఆరు నెలల ఇబ్బంది, అందుకని ఇలా నిర్ణయించుకున్నాను. మిగతా కీబోర్డుల పని వారానికి రెండు రోజులే సాగుతుంది. దసరా దాకా కొత్త జూనోలు తీసుకోను.

పాలీసిక్స్ కీబోర్డు ఉన్నవాళ్లకి మాత్రం నా క్యూ ఎలా ఉన్నా ఒక అర్జెంటు మాట. కోర్గ్ పాలీసిక్స్ 1981లో వచ్చింది. టోన్లు గుర్తుంచుకోవడానికి లోపల కేఎల్ఎమ్-367 అనే బోర్డు మీద చార్జ్ అయ్యే నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది ముసలిదైతే కారుతుంది. కారిన రసం బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. కీబోర్డు వాడకుండా అటక మీద పెట్టినా ఆగదు. ఈ మధ్య తెరిచిన ఒకదాంట్లో బ్యాటరీ చుట్టూ నీలం, ఆకుపచ్చ పొడి పేరుకుని, ముట్టుకోగానే ఒక రెసిస్టర్ కాలు నా చేతిలోకి వచ్చేసింది. మీది ఇంతవరకు మార్చకపోతే, మీ ఊళ్లో సోల్డరింగ్ తెలిసిన ఎవరితోనైనా వెంటనే ఆ బ్యాటరీ కట్ చేయించి తీయించేయండి. టోన్లు పోతాయి, బోర్డు మిగులుతుంది. తీసేటప్పుడు బోర్డు ఫోటో పంపితే ఎక్కడ కట్ చేయాలో నేను గీసి పంపుతాను. దీనికి డబ్బులేమీ వద్దు.

ఇంకొకటి. జపాన్ నుంచి చుట్టాలతో తెప్పించుకున్న కీబోర్డు ఏదైనా సరే, వెనక రేటింగ్ చూడకుండా ప్లగ్గులో పెట్టకండి. అక్కడివి 100 వోల్టులవి, మన ఇంట్లో కరెంటు 230. ఈ ఏడాది ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినవి రెండొచ్చాయి.

ఈ 11 మందికీ నేనే ఫోన్ చేస్తున్నాను. ఏడుగురితో మాట్లాడాను. ఇద్దరి నంబర్లు మారినట్టున్నాయి, కలవడం లేదు. ఒకరు భీమవరంలో వాయిస్తారు, ఇంకొకరు వరంగల్ నుంచి తెల్లటి స్టిక్కర్లు అంటించిన జూనో తెచ్చారు. వాళ్లు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి నాకు ఫోన్ చేయమని చెప్పండి. మధ్యాహ్నం పూట ట్రిమ్మర్లు కలుపుతూ ఉంటాను, ఫోన్ తీయను. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా చేయవచ్చు.