వార్షిక నివేదిక: ఒకే కెమెరామన్‌తో ఒక ఏడాది

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఆదివారం నిద్ర మానుకుని వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు ఇదే సమావేశంలో వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "దర్శకుల పేర్లు జపిస్తారు, హీరోల పుట్టినరోజులు చేస్తారు. తెర మీద వెలుతురు పెట్టినవాడి పేరు ఒక్కసారైనా ఎత్తారా?" అని నిలదీశారు. మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ ఏడాది మన ఫిల్మ్ క్లబ్ నెలవారీ ప్రదర్శనలన్నీ ఒకే ఛాయాగ్రాహకుడికి ఇచ్చేశాం. ఆయన నెస్టర్ ఆల్మెండ్రోస్. పేరు ప్రతిపాదించింది నేనే కాబట్టి మెచ్చుకోళ్లూ తిట్లూ నా ఖాతాలోనే రాయండి.

"స్పానిష్ కెమెరామన్ అన్నారు, మరి స్పెయిన్ సినిమా వేయరేం?" అని చాలామంది అడిగారు. ఆయనకు పేరు తెచ్చినవన్నీ ఫ్రాన్సువీ అమెరికావీ. కారణం ఆయన పుట్టిన కాలంలోనే ఉంది. 1930 అక్టోబర్ 30న బార్సిలోనాలో పుట్టాడు. తండ్రి ఎర్మీనియో బడుల ఇన్‌స్పెక్టర్. పిల్లల రాతల్ని పిల్లల చేతే బడిలో అచ్చు వేయించే ఫ్రెనే పద్ధతిని స్పెయిన్‌కు తెచ్చినవాళ్లలో ఒకాయన. స్పెయిన్ అంతర్యుద్ధంలో నియంత ఫ్రాంకో గెలవగానే అలాంటి మేష్టార్లకు ఆ దేశంలో నిలువనీడ లేకుండా పోయింది. ఆయన క్యూబా చేరితే, కొడుకు 1948లో పద్దెనిమిదేళ్ల వయసులో వెళ్లి తండ్రిని కలుసుకున్నాడు.

హవానాలో చదువుతూనే సినిమా పిచ్చి గల మిత్రులతో కలిసి ఫిల్మ్ క్లబ్ పెట్టాడు. (ఈ ముక్క చెప్పినప్పుడు మనవాళ్లు కొట్టిన చప్పట్లు మొత్తం ఏడాదిలో మరే సినిమాకీ కొట్టలేదు.) తర్వాత న్యూయార్క్‌లో కొంత, రోమ్ ఫిల్మ్ స్కూల్లో కొంత చదివాడు. కాస్ట్రో విప్లవం గెలిచాక 1959లో క్యూబాకు తిరిగొచ్చి, ప్రభుత్వ సినిమా సంస్థకు డాక్యుమెంటరీలు తీశాడు. సముద్రపు ఒడ్డున సరదాగా గడిపే జనం మీద సొంతంగా తీసుకున్న చిన్న సినిమాను నిషేధించేసరికి మళ్లీ మూట కట్టుకుని పారిస్ బయలుదేరాడు.

పారిస్‌లో మొదట్లో సినిమా పని దొరకలేదు. 1964లో దర్శకుడు ఎరిక్ రోమర్ ఒక చిన్న కథ తీస్తుంటే చూడ్డానికి వెళ్లి పక్కన నిలబడ్డాడు. ఆరోజు కెమెరామన్ పని వదిలేసి వెళ్లిపోయాడు. గుంపులోంచి ఇతను "నేను కెమెరామన్‌నే" అన్నాడు. అంతే, ఆ మాటతో జీవితం మారిపోయింది. రోమర్‌కు వరసగా ఎన్నో సినిమాలు, ఆ తర్వాత త్రూఫోకు ఎన్నో సినిమాలు. ఇద్దరూ లైట్లూ జనమూ తక్కువగా పెట్టుకుని తీసే దర్శకులు. జత బాగా కుదిరింది.

మేం మొదట వేసింది 'లా కలెక్షన్యూజ్', 1967 నాటిది. డబ్బు లేదు, దీపాలు లేవు. కిటికీలోంచి పడే ఎండను అద్దాలతో గదిలోకి మళ్లించి తీసిన రంగుల సినిమా. ఆయన సూత్రం ఒక్కటే: తెర మీద వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో చూసేవాడికి తెలియాలి. కిటికీయా, దీపమా, పొయ్యా, ఏదో ఒకటి. కారణం లేని వెలుతురు ఆయనకు గిట్టదు.

దీని మీద వాదన ముదురుతుంటే, ఫొటో స్టూడియో నడిపే మన సభ్యుడొకరు "మాటలెందుకు, చూడండి" అని లేచారు. సాయంత్రం నాలుగున్నర. హాల్లో ట్యూబులైట్లన్నీ ఆర్పించి, పడమటి కిటికీ పక్కన ఒక సభ్యురాలి మనవరాల్ని స్టూలు మీద కూర్చోబెట్టారు. ఒక చెంప వెలుగు, రెండో చెంప బొగ్గు. అప్పుడు ప్రొజెక్టర్ పెట్టెలో వచ్చిన థర్మాకోల్ పలకను తీసి నీడవైపు మూరెడు దూరంలో పట్టుకున్నారు. నల్లటి చెంప మెల్లగా తేరుకుంది. చెవి కమ్మ కనబడింది, చెవి వెనక జారిన వెంట్రుకలు కనబడ్డాయి. పలకను ఇంకో మూరెడు వెనక్కి జరిపితే మళ్లీ మసక. "పెళ్లిళ్లలో మేం నాలుగు లైట్లు పెట్టి ఈ చెంపను చంపేస్తాం" అన్నారాయన. ఆ పది నిమిషాలూ ఈ ఏడాది మన కార్యక్రమాలన్నిటిలో ఉత్తమం అని నా అభిప్రాయం. కార్యవర్గంలో అందరూ ఒప్పుకోకపోవచ్చు.

అదేరోజు ఆ వెనక వరస పెద్దాయన మన కెమెరామన్ మార్కస్ బార్ట్‌లేను గుర్తు చేశారు. 'మాయాబజార్'లో వెన్నెలను తయారు చేసినవాడి ముందు, ఉన్న ఎండను వాడుకున్నవాడు ఎంత అని ఆయన వాదన. బెంగాల్‌లో కెమెరామన్ సుబ్రత మిత్ర 'అపరాజితో' సినిమా కోసం సెట్టు పైన తెల్లగుడ్డ కట్టి, దాని మీద లైట్లు కొట్టి ఆకాశపు వెలుతురు పుట్టించాడని మరొకరు అందుకున్నారు. అది 1956 నాటి మాట. ఆల్మెండ్రోస్ కన్నా ముందే మనదేశంలో ఈ దారి తొక్కినవాడు ఉన్నాడన్నమాట. ఈ పాయింటు నేను ముందే చెప్పి ఉండాల్సింది.

ఇక 'డేస్ ఆఫ్ హెవెన్'. దీన్ని రెండుసార్లు వేయాల్సి వచ్చింది. మొదటిసారి అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్ బల్బు చివరి దశలో ఉంది. బంగారంలా మెరవాల్సిన గోధుమ చేను గంజిలా కనబడింది. పడమటి కిటికీ పరదా చిరుగులోంచి తెర మీద తెల్లటి గీత కూడా. ఇరవై నిమిషాలకు ఆపేసి, అందరికీ టీ ఇప్పించి పంపించాం. మరుసటి నెల సరైన ప్రొజెక్టర్‌తో మళ్లీ వేశాం.

టెరెన్స్ మాలిక్ తీసిన ఈ సినిమా కథ 1916లో టెక్సస్‌లో జరుగుతుంది. షూటింగ్ మాత్రం 1976లో కెనడాలోని ఆల్బర్టాలో జరిగింది. పొద్దు గూకాక, చీకటి పడేలోపు ఇరవై పాతిక నిమిషాలు మిగిలే వెలుతురులోనే చాలా దృశ్యాలు తీశారు. ఆకాశంలో కాంతి ఉంటుంది, సూర్యుడు ఉండడు. నేల మీద నీడలు పడవు. పగలంతా సిద్ధమవుతూ కూర్చుని, ఆ కాసేపూ పరుగులు పెట్టేవాళ్లట. ఇంగ్లీషులో మ్యాజిక్ అవర్ అంటారు గానీ అది గంట కూడా కాదు. దీనికి తెలుగు మాటేమిటన్నది తేలలేదు. గోధూళి అని ఒకరు, అసురసంధ్య అని ఒకరు. నా ఓటు మునిమాపుకి.

మిడతల దండు దృశ్యం రహస్యం చెప్పినప్పుడు పిల్లలు ఎగిరి గంతేశారు. దగ్గర్నుంచి చూపించినవి నిజం మిడతలే. దూరపు దృశ్యాల్లో హెలికాప్టర్ నుంచి వేరుశనగ పొట్టు కుమ్మరించారు. కెమెరాలో ఫిల్మును వెనక్కి తిప్పుతూ, నటుల్ని వెనక్కి నడిపించారు. తెర మీద మనుషులు ముందుకు నడుస్తుంటే, పొట్టు మిడతలై నేల మీంచి ఆకాశానికి లేస్తుంది.

ఇదంతా చేసేనాటికి ఆయన చూపు మందగిస్తోంది. షాట్‌కు ముందు సహాయకుడి చేత పోలరాయిడ్ ఫొటోలు (తీయగానే కెమెరాలోంచి అచ్చయి వచ్చేవి) తీయించుకుని, భూతద్దం పెట్టి చూసుకునేవాడు. త్రూఫో సినిమాకు ముందే మాట ఇచ్చి ఉండటంతో మధ్యలో వెళ్లిపోవాల్సి వచ్చింది. మిగతాది హాస్కెల్ వెక్స్‌లర్ అనే మరో కెమెరామన్ పూర్తి చేశాడు. 1979లో ఆస్కార్ ఒక్క ఆల్మెండ్రోస్‌కే వచ్చింది. సినిమాలో సగానికి పైగా తను తీసిందేనని వెక్స్‌లర్ తర్వాత బాధపడ్డాడు. ఎవరిది న్యాయమని మన హాల్లో రాత్రి తొమ్మిది దాకా తగువు నడిచింది, వాచ్‌మన్ వచ్చి లైట్లు ఆర్పాకే ఆగింది. నా మటుకు, వెలుతురు ఎలా ఉండాలో తేల్చింది మొదటాయనే. అయినా వెక్స్‌లర్ పేరు పక్కన ఉండి ఉంటే పోయేదేమీ లేదు.

'క్రేమర్ వర్సెస్ క్రేమర్', 'సోఫీస్ ఛాయిస్' కూడా వేశాం, హాలు నిండింది. వాటికీ 'ద బ్లూ లగూన్'కీ ఆయనకు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఫ్రాన్సులో 'ద లాస్ట్ మెట్రో'కి సీజర్ అవార్డు ఇచ్చారు.

గొడవ జరిగింది డాక్యుమెంటరీ దగ్గర. 1984లో ఓర్లాండో హిమెనెస్ లియల్‌తో కలిసి ఆల్మెండ్రోస్ తీసిన 'ఇంప్రాపర్ కాండక్ట్'లో క్యూబా నుంచి బయటపడినవాళ్లు కెమెరా ముందు కూర్చుని మాట్లాడతారు. స్వలింగ సంపర్కులనీ, ప్రభుత్వానికి నచ్చని రాతలు రాశారనీ తమను ఎలా వేధించారో, 1960లలో శ్రమ శిబిరాల్లో ఎలా పెట్టారో చెబుతారు. క్యూబాను అభిమానించే మన మిత్రులు కొందరు ఇది అమెరికా ప్రచారమన్నారు. కుటుంబాలు వచ్చే హాల్లో ఈ విషయాలేమిటని ఇంకొందరు అన్నారు. కార్యవర్గంలో ఓటు పెట్టి ఒక్క ఓటు తేడాతో ప్రదర్శించాం. అభ్యంతరం చెప్పినవాళ్లలో ఎక్కువమంది వచ్చి చివరిదాకా చూశారు. చర్చలో గట్టిగా పోట్లాడారు కూడా. ఒక్క సంగతి గుర్తుచేస్తాను: ఇది తీసినవాడు ఫ్రాంకో వల్ల చెదిరిన కుటుంబంలోంచి వచ్చినవాడు, కాస్ట్రో విప్లవానికి కెమెరా పట్టుకుని వెళ్లినవాడు. తండ్రి చివరిదాకా హవానాలోనే ఉండి అక్కడే కన్నుమూశాడు.

ఆల్మెండ్రోస్ 1992 మార్చి 4న న్యూయార్క్‌లో ఎయిడ్స్ తెచ్చిన లింఫోమా అనే క్యాన్సర్‌తో పోయాడు. అప్పటికి అరవై ఒక్క ఏళ్లు. ఆయన పేరిట, హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ చిత్రోత్సవంలో ధైర్యంగా సినిమా తీసినవాళ్లకు అవార్డు ఇచ్చారు.

వచ్చే ఏడాదికి ప్రతిపాదన: స్పెయిన్ సినిమా లేదన్న లోటు తీరేలా లూయిస్ క్వాడ్రాడోతో మొదలుపెడదాం. 'ద స్పిరిట్ ఆఫ్ ద బీహైవ్' తీసిన కెమెరామన్. తేనెరంగు కిటికీల వెలుతురు ఆయనదే. తర్వాత చూపు పూర్తిగా పోయింది, 1980లో చనిపోయాడు. చేతులెత్తి ఆమోదిస్తే మొదటి నెలలోనే వేస్తాం.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. అందులో పరదా గుడ్డకు కొంత అడుగుతారు, దయచేసి కాదనకండి. నల్లటిది, మందంగా ఉండేది కావాలి. పడమటి కిటికీకి ముందు.

ఇట్లు,
కార్యదర్శి