వదిన మెడ ఆపరేషన్ గురించి

హాంకాంగ్

అన్నయ్యా,

వదిన ఎమ్మారై చూశాను. టీబీ ఐదు, ఆరు మెడ పూసలనూ, మధ్య డిస్కునూ తినేసి మెడ ముందుకు ఒంగింది. చీము వెన్నుపామును ముందు నుంచి నొక్కుతోంది. వేళ్ల తిమ్మిరి, నడకలో తూలడం అందుకే. పూసల టీబీ చాలామందికి మందులతోనే తగ్గుతుంది, కానీ ఇంతవరకు వచ్చాక ఆపరేషన్ వాయిదా వేయొద్దు. ఈలోగా గట్టి కాలర్ తీయొద్దు. మెడ పట్టించడానికి ఎవరి దగ్గరికీ తీసుకెళ్లకు, నీకు దణ్ణం పెడతాను.

ముందువైపు నుంచి తెరిచి, కుళ్లిన ఎముక తీసి, ఆ ఖాళీలో మంచి ఎముక ముక్క నిలబెట్టే పద్ధతిని 1956లో ఇక్కడి సర్జన్లు హాడ్జ్‌సన్, స్టాక్ ప్రకటించారు. సూత్రం ఇప్పటికీ అదే. వెనక ఎముక కప్పు మాత్రం తీసి ఊరుకుంటే, ముందు ఎలాగూ ఆధారం లేదు కాబట్టి మెడ ఇంకా ఒంగుతుంది.

గొంతు పక్కన కోసి, ఆహారనాళాన్ని జరిపి, రక్తం ఊరే మంచి ఎముక కనిపించేదాకా శుభ్రం చేస్తారు. తుంటి ఎముక ముక్కో, టైటానియం కేజో పెట్టి ప్లేటు బిగిస్తారు. ఎక్కువ పూసలు పోతే ముక్క జారే ప్రమాదం ఉంది, అప్పుడు వెనక కూడా స్క్రూలు కావాలి. వంపు ఎక్కువైతే ముందే హాలో ట్రాక్షన్ పెడతారు: తలకు రింగు, మామూలుగా నాలుగు పిన్నులు, బరువు కొద్దికొద్దిగా పెంపు. వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయంటే వెంటనే చెప్పాలి, కంటి నరం లాగుతోందన్నమాట.

తీసిన చీమునంతా ఫార్మాలిన్‌లో (క్రిములను చంపే నిల్వ ద్రవం) వేయనివ్వకు. బయాప్సీకి కొంత చాలు. సీబీనాట్‌కూ (టీబీ క్రిమి జన్యు పరీక్ష), కల్చర్‌కూ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) ఫార్మాలిన్ తగలని సీసాలో వెళ్లాలి. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో తేలేది ఆ పరీక్షల్లోనే.

మొదటి రాత్రి మెడ వాచినా, ఊపిరి అందకపోయినా నిమిషం ఆగకుండా నర్సును పిలువు. గొంతు బొంగురు, మింగితే నొప్పి కొన్నాళ్లు ఉంటాయి.

మెడ నిలబడిందని మందులు ఆపొద్దు. రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత పది నెలలు మూడు. మందులన్నీ కలిపిన బిళ్లలు 48 కిలోల బరువుకు రోజుకు మూడు, 50కి చేరితే నాలుగు. మూత్రం ఎర్రగా వస్తే భయం లేదు, కళ్లు పచ్చబడినా చూపు మసకేసినా వెంటనే డాక్టరుకు చూపించు.

వెనక స్క్రూలు వేస్తున్నారా, వేస్తే ఏ పూసల్లోనో సర్జన్ గారిని అడిగి రాయి.

నీ చెల్లి