పదకొండు కంప్యూటర్లకూ ఒకటే రోగమా?
విద్యాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాధికారి గారికి నమస్కారాలు.

మా బడిలో కంప్యూటర్ గదికి తాళం పడి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో మీ ఆఫీసుకు మూడు అర్జీలు పెట్టుకున్నాను. మాది మహారాష్ట్ర కాబట్టి మూడూ మరాఠీలోనే రాశాను. మూడింటి మీదా అందినట్టు మీ ఆఫీసు వేసిన ఆవక్ ముద్ర ఉంది, ఒక్కదానికీ జవాబు లేదు. మూడోది నేరుగా మీ చేతికే ఇద్దామని సిరొంచలో తెల్లవారకముందే బస్సెక్కి, ఆలపల్లి మీదుగా ఆ గుంతల దారిలో 200 కిలోమీటర్లకు పైగా వచ్చాను. మీరు మీటింగులో ఉన్నారన్నారు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని, తిరుగు బస్సుకు టైమ్ అవుతుంటే లేచాను. అందుకే ఈసారి మేం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో, నలుగురూ చదివేలా రాస్తున్నాను. దయచేసి మీరూ ఎవరి చేతనైనా చదివించుకోండి.

బడికి కంప్యూటర్లు ఇచ్చిన ఆ పథకం సంగతి మీకు నేను చెప్పేదేమీ లేదు. ఎన్ని కంప్యూటర్లు ఇచ్చారో, మెయింటెనెన్స్ ఎవరు చూడాలో అంతా మీ ఫైల్లోనే ఉంది. నా బాధంతా ఆ ఫైల్లోని చివరి కాగితం గురించి. కాంట్రాక్టు కంపెనీ నుంచి వచ్చిన అబ్బాయి రాసిచ్చిన కాగితం అది. అందులో 11 వరసలు ఉన్నాయి. 11 వరసల్లోనూ ఒకటే మాట, 'మదర్‌బోర్డు డెడ్', అంటే అన్నీ బిగించుకునే అసలు బోర్డే పోయిందని. కింద, స్క్రాప్ కింద అమ్మేయమని సిఫారసు.

సార్, నేను 16 ఏళ్లుగా ఇక్కడ కంప్యూటర్లు రిపేరు చేసి బతుకుతున్నాను. పదకొండు బోర్డులు కట్టగట్టుకుని చావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ అబ్బాయి వచ్చిన రోజు నేను బడి వరండాలోనే ఉన్నాను. అతని దగ్గర వోల్టులు కొలిచే మల్టీమీటర్ లేదు. స్క్రూడ్రైవర్ సంచిలోంచి బయటికి రాలేదు. ఒక్కో సీపీయూ బటన్ నొక్కాడు, స్క్రీన్ వైపు చూశాడు, రాసుకున్నాడు. అరగంటలో అంతా అయిపోయింది. అతన్ని తిట్టాలని నాకు లేదు, చీకటి పడేలోగా ఇంకో నాలుగు బడులు తిరగాలన్నాడు. కానీ ఆ అరగంట మా పిల్లలకు ఏడాది చదువును తినేసింది.

డిస్‌ప్లే రాలేదంటే బోర్డు పోయినట్టు కాదు. అన్నీ చూశాక, ఆఖరున అనాల్సిన మాట అది. ముందు గోడ సాకెట్‌లో కరెంటు సరిగా వస్తోందో లేదో చూడాలి. తర్వాత ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును మెషీన్‌కు సరిపడేలా మార్చే డబ్బా. బోర్డు నుంచి 24 పిన్నుల కనెక్టర్ ఊడదీసి, ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో చిన్న తీగముక్కతో కలిపితే దాని ఫ్యాన్ తిరగాలి. పసుపు వైరులో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులు రావాలి. ఆ 12 కాస్తా 11.4 కంటే కిందికి దిగిందంటే మార్చాల్సింది ఎస్‌ఎంపీఎస్‌ను, బోర్డును కాదు. అది బాగుంటే ర్యామ్, అంటే మెమరీ ముక్కలు, మొత్తం తీసేసి ఆన్ చేయాలి. ర్యామ్ లేదని స్పీకర్ బీప్ కొట్టిందంటే బోర్డూ ప్రాసెసరూ బతికే ఉన్నట్టు. చెయ్యి తిరిగినవాడికి ఒక్కో మెషీన్‌కు పావుగంట కూడా పట్టదు.

ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. ఆ అబ్బాయి రావడానికి రెండు వారాల ముందు, ఒక శనివారం, హెచ్‌ఎం గారు అడిగితే కిటికీ పక్కనున్న మెషీన్ తెరిచాను. ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, తెర నల్లగా ఉంది, లోపలి నుంచి పొడుగు బీప్ ఆగి ఆగి వస్తోంది. చాలా బోర్డుల్లో అది ర్యామ్ తేడా. మూత తీస్తే ప్రాసెసర్‌ను చల్లబరిచే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. ర్యామ్ ఊడదీసి చూస్తే, బంగారు పూత ఉండాల్సిన పిన్నులు నల్లబడ్డాయి. మా పాప కంపాస్ పెట్టెలోని రబ్బరు తీసుకుని మెల్లగా రుద్దాను. పొడి గుడ్డతో తుడిచి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కాను. ఈసారి ఒకే ఒక్క చిన్న బీప్. తెర వెలిగింది.

తేదీ మాత్రం 2009 జనవరి 1 అని చూపించింది. బోర్డు మీదుండే రూపాయి బిళ్లంత 3 వోల్టుల సెల్ అయిపోయిందన్నమాట. అది 40 రూపాయలు. ఎఫ్1 నొక్కితే విండోస్‌లోకి వెళ్లిపోయింది. ఆరో తరగతి చదివే మా పాప పెయింట్ తెరిచి ప్రాణహితను గీసింది, నీలం గీత, దాని మీద వంతెన, వంతెన మీద బస్సు. వెనక ఏడుగురు పిల్లలు వంతు కోసం నిలబడ్డారు. సోమవారం సెల్ తెచ్చి వేస్తానన్నాను. ఆలోపే హెచ్‌ఎం గారికి ఫోన్ వచ్చింది, కంపెనీ సీలు ఎవరు చించారని. తర్వాత మెమో వచ్చింది. వారంటీ ఏనాడో ముగిసిన మెషీన్‌కు సీలేమిటి సార్? ఆయన రిటైర్‌మెంటుకు దగ్గర పడ్డ మనిషి. ఆ టెన్షన్‌లో ఆ గదిలోకి నన్ను మళ్లీ రానివ్వలేదు.

నేను బాగుచేసిన ఆ మెషీన్ కూడా 'మదర్‌బోర్డు డెడ్' జాబితాలో ఏడో వరసలో ఉంది. సెల్ లేక నల్లటి తెర మీద ఎఫ్1 నొక్కమని అడుగుతూ అక్కడే ఆగి ఉంటుంది. నొక్కి చూసినవాళ్లు లేరు.

అన్నీ బాగవుతాయని నేను అబద్ధం చెప్పను. రెండింటి జాలీలోంచి టార్చి వేసి చూస్తే, ప్రాసెసర్ పక్కన కరెంటును నిలకడగా ఉంచే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి కనిపించాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడిపోతుంది. మా దగ్గర మే నెలలో ఎండ 45 దాటుతుంది, ఆ గది మీద రేకులు. అవి కూడా సోల్డరింగ్ చేసి మార్చుకోవచ్చు, కుదరకపోతే వాటి ర్యామ్, హార్డ్‌డిస్క్ మిగతావాటికి పనికొస్తాయి. కొన్నింటికి ఎస్‌ఎంపీఎస్ పోయి ఉంటుంది. గాలిదుమారానికి న్యూట్రల్ తీగ తెగితే 230 వోల్టులు రావాల్సిన చోట 400 దాకా రావచ్చు, అప్పుడు ముందు దెబ్బ తినేది ఎస్‌ఎంపీఎసే. ఆ గదికి ఎర్తింగ్ లేదు. మూడో పిన్ను పేరుకే ఉంది. ఎర్తింగ్ గురించి మొదటి అర్జీలోనే రాశాను, రెండో దాంట్లోనూ రాశాను.

కొత్తవి వస్తాయని మీ ఆఫీసులో ఒకాయన చెప్పారు. రానివ్వండి, సంతోషం. కానీ అదే గదికి, అదే కరెంటుకు, అదే రేకుల కిందికి వస్తే వాటికీ రెండేళ్లే. విండోస్ పాతబడింది, ఇవి ఎందుకు పనికొస్తాయని కూడా అన్నారు. నిజమే, విండోస్ 10కే 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. కానీ తేలికైన లినక్స్ ఉచితంగా దొరుకుతుంది, 2 జీబీ ర్యామ్‌తో కూడా నడుస్తుంది. టైపింగ్ నేర్చుకునే పిల్లకు అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు సాయంత్రం బడి వదిలాక నలుగురైదుగురు పిల్లలు నా షాపుకు వస్తున్నారు. రిపేరుకొచ్చిన కస్టమర్ల మెషీన్ మీద చేతులు వేయనివ్వలేను. నా ఒక్క పాత మెషీన్ మీద తలా పది నిమిషాలు ఇస్తున్నాను. మిగతావాళ్లు వెనక నిలబడి చూస్తారు, కరెంటు పోతే ఇంటికి పోతారు.

సార్, ఆ స్క్రాప్ వేలం ఆపండి. మల్టీమీటర్ ఉన్న మనిషిని పంపి ఒక్కో మెషీన్‌కు ఏం పోయిందో విడివిడిగా రాయించండి. ఎవరినీ పంపలేకపోతే నన్ను తెరవనివ్వండి. మెమో రాదని హెచ్‌ఎం గారికి ఒక్క లైను రాసివ్వండి. గదికి ఎర్తింగ్ వేయించండి. నాకు కూలి అక్కర్లేదు. సామాను నేనే వంతెన దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల పోయి తెస్తాను, బిల్లులు చూపిస్తాను, మీకు కుదిరినప్పుడే ఇవ్వండి. వేలం మాత్రం ఆపండి సార్, తర్వాత ఎన్ని అర్జీలు పెట్టినా ఆ మెషీన్లు తిరిగి రావు.

తాళంచెవి హెచ్‌ఎం గారి బీరువాలో ఉంది. మీ కాగితం ఏ వారం వస్తే ఆ ఆదివారమే పొద్దున్నే బడి దగ్గర ఉంటాను. ఏడో నంబరు మెషీన్‌కు వేయాల్సిన సెల్ కొని నా టేబుల్ సొరుగులోనే పెట్టుకున్నాను.

ఇట్లు,
సిరొంచ తాలూకా నుంచి ఒక కంప్యూటర్ మెకానిక్, ఆ బడిలో చదివే ఒక పాప తండ్రి