ఇంటి దగ్గరే ఇంజిన్ ఆయిల్ మార్చుకోబోతున్న మిత్రుడికి

ప్రియ మిత్రుడు భాస్కర్‌కు,

ఉభయకుశలోపరి. కారు ఇంజిన్ ఆయిల్‌ను ఇకమీదట నువ్వే ఇంటి దగ్గర మార్చుకోవాలనుకుంటున్నట్టు రాశావు. అది మనవల్ల అయ్యే పనేనా, లేక మెకానిక్‌కు వదిలెయ్యడమే మేలా అని కూడా అడిగావు. నిక్షేపంగా అవుతుంది. పాత ఆయిల్ దించడం, ఫిల్టర్ మార్చడం, కొత్త ఆయిల్ పొయ్యడం, పనంతా ఇంతే. అయితే ఇందులో విప్పడం దగ్గర ఎవరికీ పెద్దగా ఇబ్బంది రాదు, వచ్చేదంతా బిగించడం దగ్గరే. అందుకని ఈ ఉత్తరంలో బిగింపుల గురించి కాస్త ఎక్కువగానే రాస్తాను. విసుక్కోకుండా చదువు.

ముందుగా కారుతో వచ్చిన మాన్యువల్ బయటికి తియ్యి. ఏ గ్రేడు ఆయిల్ వాడాలో, అది ఏ ప్రమాణానికి సరిపోవాలో, ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు పడుతుందో అందులో ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 3 లీటర్లు, అంతకు కొంచెం అటూ ఇటూగా పడుతుంది, పెద్దవాటికి 5 లీటర్లో, ఆ పైనో కావాలి. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని కనిపించినప్పుడు, ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది, వెనక ఉన్న అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో చెబుతుంది. దాని పక్కనే ఏపీఐ, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ప్రమాణం ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్ల వర్గాలు ఎస్ అక్షరంతోను, డీజిల్ ఇంజిన్లవి సీ అక్షరంతోను మొదలవుతాయి. పెట్రోల్ వర్గాల్లో 2020లో వచ్చిన ఎస్‌పీ, టర్బో ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో తక్కువ వేగం దగ్గర ఇంధనం వేళ కాని వేళ అంటుకోవడాన్ని అరికట్టే విధంగా తయారైనది. నీది డీజిల్ కారై, పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటే మాత్రం బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలే వాడాలి, లేకపోతే ఆ ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది.

చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్ ఎక్కువకాలం మన్నుతుందని నీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. ఆ మాట పట్టించుకోవద్దు. ఈ కాలపు ఇంజిన్లలో బేరింగుల మధ్య సందులు చాలా సన్నగా ఉంటాయి, వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు కూడా ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది. కాబట్టి తయారుచేసినవాళ్లు ఆ సందుల్ని లెక్క వేసి చెప్పిన గ్రేడు కంటే మన ఊహ గొప్పది కాదు.

ఎప్పుడు మార్చాలన్నదానికి కూడా మాన్యువలే ప్రమాణం. చాలా కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. రంగు చూసి నిర్ణయించకు. మసిని పేరుకోనివ్వకుండా తనలో తేలియాడేలా పట్టి ఉంచే రసాయనాలు ఆయిల్‌లో కలిపి ఉంటాయి, కాబట్టి అది నల్లబడిందంటే తన పని తాను చేస్తోందని అర్థం. డీజిల్ ఇంజిన్‌లోనైతే కొత్త ఆయిల్ కూడా కొద్దిసేపటికే నల్లగా మారిపోతుంది. కారును ఎక్కువగా దగ్గరి దూరాలకే తిప్పుతుంటే మాత్రం గడువును తగ్గించుకోవడం మంచిది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తూ ఉంటే, లోపల చేరిన నీటి ఆవిరి, కాలకుండా మిగిలిన ఇంధనం బయటికి పోలేక ఆయిల్‌లోనే కలిసిపోతాయి.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్‌ను ఒక ఐదు నిమిషాలు నడిపి ఆపు. ఆయిల్ గోరువెచ్చబడితే పలచబడి, అడుగున చేరిన మడ్డితో సహా సులువుగా దిగుతుంది. దూరప్రయాణం నుంచి వచ్చిన వెంటనే మాత్రం కిందికి దూరకు, ఆ వేడికి చర్మం ఊడివస్తుంది. బానెట్ తెరిచి ఆయిల్ పోసే మూతను ముందే వదులు చేసి ఉంచు, గాలి ఆడితే ధార సాఫీగా పడుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నువ్వు నాకు మాట ఇవ్వవలసిన విషయం. జాకీ అనేది కారును ఎత్తడానికే తప్ప మోసి నిలపడానికి కాదు. సమతలంగా, గట్టిగా ఉన్న నేల మీద కారు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, నేల మీద ఉండే చక్రాల ముందూ వెనకా అడ్డు పెట్టి, ఆ తర్వాతే ఎత్తాలి. మాన్యువల్‌లో చూపించిన చోట్ల స్టాండ్లు పెట్టి, కారు బరువును వాటి మీదికి దించి, చేత్తో ఒకసారి ఊపి చూశాకనే కిందికి వెళ్లాలి. ఇటుకలు, చెక్కముక్కలు స్టాండ్లకు బదులు కావు. ముందు చక్రాలను ఎక్కించే ర్యాంపులు దొరికితే ఇంకా సుఖం. ఈ ఏర్పాట్లేవీ లేకపోతే ఆ రోజుకు పని మానెయ్యి, ఆయిల్ ఇంకో వారం ఆగినంత మాత్రాన కొంప మునిగిపోదు.

కిందికి వెళ్లాక మొదట కనిపించిన బోల్టును విప్పెయ్యకు. ముందు చక్రాలు లాగే కార్లలో ఇంజిన్, గేరుబాక్సు పక్కపక్కనే ఉంటాయి, రెండింటికీ కింద ఆయిల్ దించే బోల్టులు చూడడానికి ఒకేలా ఉంటాయి. ఇంజిన్ అనుకుని గేరుబాక్సు ఆయిల్ దించేసి, పైన ఇంజిన్‌లో మాత్రం కొత్త ఆయిల్ పోసేవాళ్లు ఉన్నారు. అప్పుడు గేరుబాక్సు ఎండిపోతుంది, ఇంజిన్‌లో ఆయిల్ రెట్టింపు అవుతుంది. రెండూ చెడతాయి. మాన్యువల్‌లోని బొమ్మతో పోల్చి, ఇది ఇంజిన్ ఆయిల్ చాంబర్‌దే, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిదే అని తేల్చుకున్నాకనే స్పానర్ పెట్టు.

ఆ స్పానర్ కూడా రింగు స్పానర్ గానీ సాకెట్ గానీ అయి ఉండాలి. నోరు తెరిచి ఉండే స్పానర్ జారిందంటే బోల్టు తల మూలలు అరిగిపోతాయి. ఒకసారి పట్టు వదిలాక మిగతాది వేళ్లతోనే తిప్పవచ్చు. చివరి మరలు వస్తున్నప్పుడు బోల్టును లోపలికే నొక్కి పట్టుకుని తిప్పి, పూర్తిగా ఊడిందని తెలియగానే చటుక్కున పక్కకు లాగెయ్యాలి. అలా చేస్తే ఆయిల్ మోచేతి దాకా కారదు. మొదటి ధార నిటారుగా పడదు, వేగంగా ముందుకు దూకుతుంది, కాసేపటికి నీరసించి దగ్గరగా పడుతుంది. కాబట్టి పళ్లాన్ని ముందుగా ధార దూకే వైపుకు పెట్టి, తర్వాత నెమ్మదిగా దగ్గరకు జరపాలి. చేతికి గ్లౌజులు తప్పనిసరి, ఎందుకంటే వాడిన ఆయిల్ ఏళ్ల తరబడి చర్మానికి అంటుతూ ఉంటే క్యాన్సర్ వచ్చే ప్రమాదముంది.

బొట్లు కారుతున్నంతసేపూ ఊరికే కూర్చోకుండా ఆ బోల్టును తుడిచి చూడు. కొన్నిటి చివర అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు లేహ్యంలా మెత్తటి పొడి అంటుకుని ఉంటే కంగారు పడనక్కర్లేదు, భాగాల సహజమైన అరుగుదల అది. వేళ్ల మధ్య గరగరలాడే లోహపు తునకలు కనిపిస్తే మాత్రం మెకానిక్‌కు చూపించవలసిందే. దిగిన ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, అందులోకి చేరుతోందేమోనని అనుమానించాలి.

ఇక బోల్టు బిగించడం. దానికి ఉండే వాషర్ మెత్తటి లోహంతో చేసినది, ఒకసారి నలిగి ఆ సందును మూసేస్తుంది. రెండోసారి అంత బాగా నలగదు కాబట్టి ప్రతిసారీ కొత్తది వెయ్యి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, చాలా కార్లలో ఆయిల్ చాంబర్ అల్యూమినియంతో చేసినది, బోల్టు మాత్రం ఉక్కుది. రెండూ పోట్లాడుకుంటే ఓడిపోయేది చాంబరే. బోల్టును మొదట స్పానర్ ముట్టుకోకుండా వేళ్లతోనే తిప్పాలి. కొంచెం కూడా అడ్డం తిరగకుండా సాఫీగా లోపలికి వెళితేనే మరలు సరిగా కూర్చున్నట్టు. ఆ తర్వాత మాన్యువల్‌లో చెప్పినంత టార్క్‌తో, అంటే అంత తిప్పుడు బలంతో బిగించాలి. ఉదాహరణకు 35 న్యూటన్ మీటర్లు అని ఉందనుకో, పావు మీటరు పొడవున్న రెంచ్ చివర సుమారు 14 కిలోల బరువుతో నొక్కినంత అన్నమాట. అది నీ ఒంటిచేతి బలానికి ఎంత తక్కువో నువ్వే చూడు. కారిపోతుందేమోనన్న భయంతో కాళ్లు తన్నిపెట్టి బిగించేవాళ్లే మరలు పోగొట్టుకుంటారు. ఆ బలాన్ని కొలిచి బిగించే టార్క్ రెంచ్ ఒకటి కొనుక్కో, ఈ పనికి కావలసిన సామానులో నేను పట్టుబట్టి కొనమనేది స్టాండ్ల తర్వాత అదొక్కటే.

ఫిల్టర్లు రెండు రకాలు. బయట రేకు డబ్బాలా ఉండి మొత్తంగా తిరిగి ఊడివచ్చేది ఒకటి, ప్లాస్టిక్ మూత లోపల కాగితపు మడతలతో ఉండేది ఇంకొకటి. మొదటి రకం చేతికి లొంగకపోతే ఫిల్టర్ రెంచ్‌తో వదులు చెయ్యి. ఊడగానే తిరగేసి, దాని అంచున ఉండవలసిన రబ్బరు గాస్కెట్ దానితోపాటు వచ్చిందో లేదో చూడు. ఒక్కోసారి అది నల్లటి చేతిగాజులా ఇంజిన్ వైపే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి ఇనుము మీద నల్లటి రబ్బరు, పైగా ఆయిల్ జిడ్డు, చూపుకు ఆనదు. దాన్ని గమనించకుండా కొత్త ఫిల్టర్ ఎక్కిస్తే రెండు గాస్కెట్లు ఒకదాని మీద ఒకటి పడి, బిగించినప్పుడు బాగానే ఉన్నట్టు కనిపించి, ఇంజిన్ ఒత్తిడి పెరిగాక జారిపోతాయి, నిమిషాల్లో ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. అందుకే కళ్లతో చూడడంతో సరిపెట్టకుండా, ఆ అంచు చుట్టూ బట్టతో తుడిచి వేలితో తడిమి చూసుకో.

కొత్త ఫిల్టర్ గాస్కెట్‌కు కొత్త ఆయిల్‌ను వేలితో పల్చగా రాసి, గాస్కెట్ ఇంజిన్‌ను తాకేవరకు తిప్పి, అక్కడి నుంచి చేత్తోనే ఇంకొక ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. ఖచ్చితంగా ఎంత తిప్పాలో చాలా ఫిల్టర్ల మీదే అచ్చువేసి ఉంటుంది. దీనికి రెంచ్ వాడకు. వాడితే ఈసారికి ఏమీ కాకపోవచ్చు కానీ, వచ్చే ఏడాది దాన్ని ఊడదీసేది నువ్వే. కాగితపు రకంలోనైతే మూతకు ఉండే ఓ-రింగ్‌ను మార్చి ఆయిల్ రాయాలి, బిగించవలసిన టార్క్ తరచుగా ఆ మూత మీదే ఉంటుంది.

కారును కిందికి దించాక, చెప్పిన కొలతలో కొంత తగ్గించి గరాటాతో పొయ్యి. ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఎర్రటి ఆయిల్ దీపం కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఖాళీ ఫిల్టర్ నిండడానికి ఆ కాస్త సమయం పడుతుంది కాబట్టి అంతవరకు యాక్సిలరేటర్ తొక్కకు. ఆరకపోతే వెంటనే ఆపెయ్యి, ఆ దీపం ఆయిల్ ఎంత ఉందో చెప్పేది కాదు, ఒత్తిడి లేదని చెప్పేది. ఆరితే, ఒక నిమిషం నడవనిచ్చి, బోల్టు దగ్గర, ఫిల్టర్ దగ్గర తడి ఊరుతోందేమో టార్చిలైటుతో వంగి చూడు. తర్వాత ఇంజిన్ ఆపి, పది నిమిషాలాగి, ఆయిల్ మట్టం చూపే కడ్డీని, అదే డిప్‌స్టిక్‌ను, తుడిచి ముంచి చూసుకుంటూ కొద్దికొద్దిగా పైగీత దాకా నింపు. చాలా కార్లలో కిందిగీతకూ పైగీతకూ మధ్య తేడా ఒక లీటరు వరకు ఉంటుంది, అందుకని చివర్లో దోసెడు దోసెడుగా పోసుకోవాలి. పైగీత దాటనివ్వకు. మరీ ఎక్కువైతే తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగను పంపు సరిగా తోడలేదు.

పాత ఆయిల్‌ను కొత్త ఆయిల్ వచ్చిన ఖాళీ డబ్బాలోకే వంచి, ఫిల్టర్‌ను కూడా బోర్లించి రాత్రంతా కారనిచ్చి, వాడిన ఆయిల్ తీసుకునే చోట అప్పగించు. కాలువలోనో, ఖాళీ స్థలంలోనో మాత్రం పొయ్యకు. ఒక్కసారి మార్చినప్పుడు వచ్చే ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. అందులో కూలెంట్, పెట్రోలు, బ్రేకు ద్రవం వంటివి కలవకుండా చూసుకో, కలిస్తే దాన్ని మళ్లీ శుద్ధి చేయడం కష్టమవుతుంది కాబట్టి తీసుకునేవాళ్లు వద్దంటారు.

డాష్‌బోర్డులో సర్వీసు గుర్తు చేసే ఏర్పాటు ఉంటే దాన్ని మళ్లీ మొదటికి తిప్పి, తేదీ, కిలోమీటర్లు ఒక పుస్తకంలో రాసుకో. కారు ఇంకా వారంటీలో ఉంటే ఆయిల్, ఫిల్టర్ కొన్న రసీదులు కూడా అందులోనే పెట్టు. మర్నాడు పొద్దున కారు తీసే ముందు కింద నేల మీద చుక్కలు పడ్డాయేమో చూసి, డిప్‌స్టిక్ ఇంకొకసారి పరీక్షించు.

నీ కారులో ఫిల్టర్ రేకు డబ్బాదో, మూత లోపలిదో నాకు తెలియదు. బానెట్ ఎత్తి చూసి జవాబులో రాయి. మూత లోపలిదైతే దానికి సరిపోయే సాకెట్ సైజు వేరుగా ఉంటుంది, అది తెచ్చుకున్నాకే ముహూర్తం పెట్టుకుందువుగాని. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు,
శ్రీధర్